సమతూకం ఎవరు చూసుకుంటారు? రిమోట్ హెలికాప్టర్ కొనేముందు కాస్త సైన్సు

జనవరిలో నాంపల్లి నుమాయిష్‌కి వెళ్తే బొమ్మల స్టాళ్ల దగ్గర ఓ చిన్న హెలికాప్టర్ జనం తలల మీద కదలకుండా నిలబడి కనిపిస్తుంది. ఎగరేస్తున్న కుర్రాడు దాని వైపు చూడను కూడా చూడడు, బేరం మాట్లాడుకుంటూనే రిమోట్ నొక్కుతుంటాడు. అది చూసి సరదా పుట్టినవాళ్లు కొందరు ఇంటికెళ్లి ఆన్‌లైన్‌లో ఇంకాస్త పెద్దది, తోక రోటర్‌తో (తోక దగ్గర తిరిగే చిన్న రెక్కలతో) సహా అచ్చం నిజం హెలికాప్టర్‌లా ఉన్నది ఆర్డర్ పెడతారు. నేల వదిలిన రెండు మూడు సెకన్లలో అది పక్కకి జారి, గోడకి కొట్టుకుని రెక్కలు విరగ్గొట్టుకుంటుంది. ‘మన వల్ల కాదులే’ అని దాన్ని అటకెక్కించేస్తారు.

నిజానికి నుమాయిష్ కుర్రాడు దాన్ని పెద్దగా నడపడం లేదు. అది తనంతట తనే నిలబడుతోంది. రెండోది అలా నిలబడే రకం కాదు. ఈ హాబీలో కొత్తవాళ్ల డబ్బు చాలావరకు ఈ తేడా తెలియకే పోతుంది.

విమానం సంగతి వేరు. తోక, రెక్కల అమరిక వల్ల గాల్లో కాస్త ఊగినా చాలావరకు తనే సర్దుకుంటుంది. అందుకే బాల్సా చెక్కతో చేసిన గ్లైడర్‌ని చేత్తో విసిరితే ఎవరూ నడపకుండానే నింపాదిగా వెళ్లి దిగుతుంది. గాల్లో నిలబడ్డ హెలికాప్టర్‌కి ఆ సౌకర్యం లేదు. అది ఒక్క డిగ్రీ ఒరిగినా రోటర్ లాగే దిక్కు కూడా అంతే ఒరుగుతుంది, యంత్రం ఆ పక్కకి జారడం మొదలుపెడుతుంది. వేగం అందుకున్నాక ఎదురుగాలి రోటర్‌ని వెనక్కి వంచుతుంది గానీ, మోతాదు మించి వంచుతుంది. అలా ఊపు మీద ఊపు పెరుగుతూ పోతుంది. బోనాలప్పుడు తల మీద బోనం పెట్టుకుని నడిచే ఆడవాళ్ల మెడ క్షణక్షణం చేసే చిన్న చిన్న సవరణలు చూశారా, ఇక్కడా అలాంటివే కావాలి, ఆపకుండా. కాబట్టి కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ మోడల్‌లో ఆ సవరణలు చేసేది ఎవరు? యంత్రం ఆకారమా, లోపలి చిప్పా, మనమా?

నుమాయిష్ బొమ్మలో ఆ పని ఆకారానిది. దానికి ఒకే ఇరుసు మీద రెండు రోటర్లు ఉంటాయి, ఒకటి కుడికి తిరిగితే ఇంకొకటి ఎడమకి. దీన్ని కోయాక్సియల్ అంటారు. మోటారు రోటర్‌ని ఒక వైపు తిప్పితే, న్యూటన్ మూడో సూత్రం ప్రకారం హెలికాప్టర్ ఒళ్లు రెండో వైపు తిరగాలి. ఇక్కడ రెండు రోటర్ల తిప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. పైన అటూ ఇటూ బరువులున్న సన్నని కడ్డీ ఒకటి పై రోటర్‌ని సమంగా ఉంచుతుంది. సైమా ఎస్107 లాంటి బొమ్మల్లో తోకన ఉన్న బుల్లి ఫ్యాన్ పక్కకి కాక పైకీ కిందికీ తోస్తుంది. దానితోనే ముందుకీ వెనక్కీ కదలాలి, పక్కకి జరగడం కుదరదు. పైగా దాని రిమోట్ టీవీ రిమోట్‌లాగే ఇన్‌ఫ్రారెడ్‌తో పనిచేస్తుంది కాబట్టి ఎండలోకి తెస్తే సిగ్నల్ అందదు. హాల్లో పిల్లల ముచ్చట తీర్చడానికి బాగుంటుంది. నేర్చుకోవాలని నిజంగా అనుకునే పెద్దవాళ్లు దీన్ని దాటేయవచ్చని నా అభిప్రాయం, ఎందుకంటే ఇది మన చేతికి ఏమీ నేర్పదు.

ఆ బరువుల కడ్డీకి మాత్రం పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలో ఆర్థర్ యంగ్ అనే ఆయన 1928లో హెలికాప్టర్ సమస్యని పట్టుకున్నాడు. అసలు యంత్రం కట్టాలంటే బోలెడు ఖర్చు, కట్టినా దాన్ని నడుపుతూ ప్రయోగాలు చేస్తే ప్రాణాలకే ముప్పు. అందుకని చిన్న చిన్న మోడళ్లు కట్టడం మొదలుపెట్టాడు. పెన్సిల్వేనియాలో పాత కొట్టాల్లో వర్క్‌షాప్ పెట్టుకుని, అవి కూలిపోతుంటే మళ్లీ మళ్లీ కడుతూ పదేళ్లకు పైగా గడిపాడు. చివరికి రోటర్‌కి అడ్డంగా, చివర్లలో బరువులున్న కడ్డీని తగిలించాడు. వేగంగా తిరిగే వస్తువు తాను తిరిగే తలాన్ని అంత తేలిగ్గా వదలదు. హెలికాప్టర్ ఒరిగినా కడ్డీ కాసేపు మునుపటి తలంలోనే తిరుగుతూ ఉంటుంది. ఆ రెంటి మధ్య వచ్చే తేడానే లింకుల ద్వారా రెక్కల కోణాన్ని మార్చి యంత్రాన్ని నిటారుగా తెస్తుంది. 1941లో ఆయన బెల్ కంపెనీ వాళ్లకి తన చిన్న మోడల్‌ని ఎగరేసి చూపించి, అక్కడే చేరాడు. అందులోంచి వచ్చిన బెల్ 47కి 1946 మార్చి 8న పౌర వినియోగానికి అనుమతి దొరికింది, ప్రపంచంలో అలాంటి మొదటి హెలికాప్టర్ అదే. అంటే మోడల్ నుంచి నిజం హెలికాప్టర్ నేర్చుకుంది. జర్మనీలో డీటర్ ష్లూటర్ లాంటివాళ్లు 1960ల చివర్లో రేడియోతో నడిచే హెలికాప్టర్‌ని దారికి తెచ్చినప్పుడు, ఫ్లైబార్ అనే పేరుతో అలాంటి కడ్డీ తిరిగి మోడళ్లలోకి వచ్చింది.

ఇప్పుడు ఒకే రోటరున్న మోడళ్లలో ఫ్లైబార్ దాదాపు మాయమైంది. మన ఫోన్ అడ్డంగా తిప్పగానే స్క్రీన్ కూడా తిరిగేలా చేసే సెన్సర్ల జాతివే, గోరంత చిప్పులు దాని పని చేస్తున్నాయి. డబ్బా మీద ‘3 యాక్సిస్ గైరో’, ‘6 యాక్సిస్ గైరో’ అని రాసి ఉంటుంది. చాలామంది అంకె పెద్దదైతే మంచిదేమో అనుకుని వదిలేస్తారు, అసలు తేడా తెలుసుకోవాల్సింది అక్కడే. మూడు అక్షాల గైరోకి తెలిసింది ఎంత వేగంగా ఒరుగుతున్నామన్నదే. ఒక్కసారిగా వచ్చిన కుదుపుని ఆపుతుంది, కానీ ఒరిగిన హెలికాప్టర్‌ని అలాగే వదిలేస్తుంది. ఆరు అక్షాల దానిలో త్వరణాన్ని కొలిచే సెన్సర్ కూడా ఉంటుంది, నేల ఎటుందో దానికి తెలుసు. రిమోట్ మీది స్టిక్ వదలగానే తనే సమం అవుతుంది. కొత్తవాళ్లకి ఇదే కావాలి. అయితే సమంగా ఉండటం వేరు, ఉన్నచోటే ఉండటం వేరు. జీపీఎస్ ఉన్న డ్రోన్‌కి అలవాటుపడినవాళ్లు ఇక్కడే తికమకపడతారు. గాలి వీస్తే ఇది నిటారుగా నిలబడే గాలి వెంట కొట్టుకుపోతుంది. ఆపాల్సింది మన బొటనవేళ్లే.

తర్వాతి ప్రశ్న రెక్కల కోణం గురించి. చవక మోడళ్లలో రెక్కల కోణం స్థిరం, పైకి లేవాలంటే మోటారు వేగం పెంచాలి. దీన్ని ఫిక్స్‌డ్ పిచ్ అంటారు. వేగం పెరగడానికి కాస్త సమయం పడుతుంది కాబట్టి స్పందన ఓ క్షణం ఆలస్యంగా వస్తుంది. కలెక్టివ్ పిచ్ మోడళ్లలో రోటర్ వేగం మారదు, రెక్కల కోణమే మారుతుంది. స్పందన వెంటనే ఉంటుంది, తలకిందులుగా కూడా ఎగరొచ్చు. యూట్యూబ్‌లో కనిపించే విన్యాసాలన్నీ వీటివే. తప్పు చేసినా అంతే వెంటనే శిక్ష పడుతుంది. అరచేతిలో పట్టేంత, నాలుగు చానళ్ల (అంటే రిమోట్ నుంచి నాలుగు వేర్వేరు ఆదేశాలు అందుకునే), ఒకే రోటరున్న ఫిక్స్‌డ్ పిచ్ మోడల్‌తో మొదలుపెట్టి, చెయ్యి కుదిరాక ఆరు చానళ్ల కలెక్టివ్ పిచ్‌కి వెళ్లడం మంచి దారి.

ఒకే రోటరున్న హెలికాప్టర్ రెండు విచిత్రాలు చూపిస్తుంది. తిరిగే రోటర్ మీద వేసిన ప్రభావం పావు చుట్టు తర్వాతే బయటపడుతుంది. పైనుంచి చూస్తే సవ్యదిశలో తిరిగే రోటర్‌ని ముందుకు వంచాలంటే రెక్క కోణం పెరగాల్సింది వెనక కాదు, కుడి పక్కన! ఇరుసు చుట్టూ ఉండే స్వాష్‌ప్లేట్ అనే పళ్లెం ఈ లెక్కంతా మనకి కనిపించకుండా చూసుకుంటుంది. రెండోది కనిపించేదే. ఇలా సవ్యదిశలో తిరిగే దానిలో తోక రోటర్ ఒళ్లు తిరిగిపోకుండా ఆపుతూనే మొత్తం యంత్రాన్ని కాస్త ఎడమకి నెడుతుంది. దాన్ని సరిపెట్టడానికి హెలికాప్టర్ కుడికి కొద్దిగా ఒరిగి నిలబడుతుంది. కొత్తవాళ్లు ఏదో పాడైందని టెన్షన్ పడి ట్రిమ్ బటన్లు (రిమోట్ మీద చిన్న సర్దుబాట్లు చేసేవి) తెగ నొక్కుతుంటారు. అది దాని సహజ భంగిమే.

ఎక్కడ ఎగరేయాలన్నది హైదరాబాద్‌లో చిన్న సమస్య కాదు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం మనుషులు లేకుండా ఎగిరే హెలికాప్టర్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. 250 గ్రాముల లోపువి నానో వర్గం. విమానాశ్రయం సరిహద్దు నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల ఎత్తు వరకే ఆకుపచ్చ (ముందస్తు అనుమతి అక్కర్లేని) జోన్, అంతకన్నా దగ్గరైతే నియమాలు ఇంకా కఠినం. మన ఊరి చుట్టూ చూడండి: నడిబొడ్డున బేగంపేట, ఉత్తరాన వైమానిక దళం చేతక్ హెలికాప్టర్లతో పైలట్లకి శిక్షణ ఇచ్చే హకీంపేట, ఆ పక్కన దుండిగల్, దక్షిణాన శంషాబాద్. అందుకని ఏ మైదానానికి వెళ్లేముందైనా ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాప్‌లో ఆ చోటు రంగేమిటో చూడాలి. ఇంట్లో హాల్లో ఎగరేసే అరచేతి మోడల్‌కి ఈ బెడద లేదు, అందుకే మొదట అది కొనమనడం. సంక్రాంతి వారం మాత్రం బయటికి తీయకండి, మాంజా తోక రోటర్‌కి చుట్టుకుంటే ఇక అంతే.

మన వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది. డిసెంబరు ఉదయం 15 డిగ్రీల గాలితో పోలిస్తే మే మధ్యాహ్నం 40 డిగ్రీల గాలి దాదాపు 8 శాతం పలుచన. నగరం సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉండటం దీనికి తోడు. రోటర్ ఎక్కువ కష్టపడాలి, మోటారు ఎక్కువ వేడెక్కుతుంది. ఈ మోడళ్లలో వాడే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీకి ఈ వేడి అసలు పడదు. ఎండలో పార్క్ చేసిన కారులో దాన్ని వదలకూడదు. ఒక్కో సెల్ 4.2 వోల్టులకి నిండుతుంది, 3 వోల్టుల కిందకి దిగితే పాడవుతుంది, వాడకుండా పెట్టేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ చార్జ్ చేయొద్దు. చార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు.

అరచేతి మోడల్ తగిలితే చురుక్కుమంటుంది, అంతే. అడుగు పొడుగు రెక్కలున్న వాటితో పరాచికాలు కుదరవు. 72 సెంటీమీటర్ల రోటర్ నిమిషానికి 2,600 చుట్లు తిరిగితే రెక్క కొస వేగం గంటకి 350 కిలోమీటర్లు దాటుతుంది. 2013లో న్యూయార్క్‌లో బాగా అనుభవమున్న యువకుడే తన మోడల్ తగిలి చనిపోయాడు. రిమోట్ ముందు ఆన్ చేయాలి, చివర ఆఫ్ చేయాలి. పిల్లలు చుట్టూ మూగితే ఎగరేయకూడదు.

విడిభాగాల మాట. కోఠి గుజరాతీ గల్లీలో వైర్లు, కనెక్టర్లు, సోల్డరింగ్ సామాన్లు దొరుకుతాయి. మీ మోడల్‌కి సరిపోయే ఇరుసు, పళ్ల చక్రం, రెక్కలు ఎక్కడ దొరుకుతాయో మాత్రం కొనకముందే చూసుకోండి. అవి దొరకని మోడల్ ఎంత చవకైనా దండగే.

ఎగరడం మొదలుపెట్టాక తోక మన వైపు ఉంచి నిలబెట్టడం మొదటి పాఠం. అప్పుడు మన ఎడమ దాని ఎడమ ఒకటే. నేలకి జానెడు ఎత్తులో తచ్చాడకండి. రోటర్ కిందికి నెట్టిన గాలి నేలకి తగిలి సుడులు తిరుగుతూ దాన్ని ఊపేస్తుంది. మీటరు పైకి లేస్తే ఆ గాభరా తగ్గుతుంది. అసలు పరీక్ష ముక్కు మన వైపు తిరిగినప్పుడు వస్తుంది. ఎడమ, కుడి తారుమారవుతాయి, మెదడు ఒకటి చెబితే వేలు ఇంకొకటి చేస్తుంది. రిమోట్‌ని కంప్యూటర్‌కి కలిపి సిమ్యులేటర్‌లో దీన్ని సాధన చేయడమే తెలివైన పని, అక్కడ ఎన్నిసార్లు కూలినా రూపాయి ఖర్చు లేదు. సాధనలో ఒక చిట్కా పనికొస్తుంది: ముక్కు మన వైపున్నప్పుడు, మన కంటికి ఏ పక్క కిందికి వాలినట్టు కనిపిస్తే స్టిక్‌ని ఆ పక్కకే నెట్టాలి. హెలికాప్టర్ తన కుడికి ఒరిగితే మనకి ఎడమ పక్క వాలినట్టు కనిపిస్తుంది. దాన్ని సమం చేయాలంటే ఇవ్వాల్సిన ఆదేశం కూడా ఎడమే. కాబట్టి ఆలోచించి తిరగేసుకునే పని లేదు, కంటికి కనిపించిన వైపే వేలు వెళ్తే చాలు.