బొమ్మ పడితే అవునను, బొరుసు పడితే నిజం చెప్పు

"పడకగది సంగతుల మీద సర్వేలు చేస్తారు కదా సార్, మన నల్లగొండలో అడిగితే ఎవరైనా నిజం చెబుతారా?" అని దేవరకొండ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి అడిగాడు. అసలు చిక్కు అక్కడే ఉంది. బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో తెలియాలంటే సీసాలో పట్టి ల్యాబ్‌కు పంపితే చాలు. నీళ్లకు సిగ్గుండదు, మనిషికి ఉంటుంది.

మన ఊళ్లలో సర్వే ఎలా జరుగుతుందో అందరికీ తెలుసు. వాకిట్లో కుర్చీ వేస్తారు. ఫారం తీయగానే పక్కింటి పెద్దమ్మ వచ్చి "ఏం రాస్తున్నరు బిడ్డా, పింఛన్లకా?" అంటుంది. అత్తమ్మ గడప దగ్గరే కూర్చుని ఉంటుంది. అప్పుడు కోడలిని ఓరల్ సెక్స్ గురించి అడిగితే, ఆమె చెప్పేది అత్తమ్మ వినాల్సిన జవాబే. పైగా "ప్రకృతి విరుద్ధ" సంభోగాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి సెక్షన్ 377 కిందికి, కోర్టుల వ్యాఖ్యానం ప్రకారం ఓరల్ సెక్స్ కూడా వచ్చేది. పెద్దవాళ్లు ఇష్టపడి చేసుకుంటే నేరం కాదని 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా సర్వేలో "అవును" అంటే నేరం ఒప్పుకున్నట్టే.

1948లో అమెరికా పరిశోధకుడు కిన్సీ అక్కడి మగవాళ్ల లైంగిక జీవితం గురించి వేసిన పుస్తకం సంచలనమైంది. కానీ ఆయన లెక్కలో జైళ్లలో ఉన్నవాళ్లు, తామంతట తాము ముందుకొచ్చినవాళ్లు ఎక్కువ. 1992లో షికాగో పరిశోధకులు శాస్త్రీయంగా ఎంపిక చేసి 3,432 మందిని అడిగారు. నోటితో చెప్పలేని జవాబులను కాగితం మీద రాయించి, కవర్లో పెట్టించి తీసుకున్నారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది 1965లో స్టాన్లీ వార్నర్ చూపిన దారి. ఆయన ఎక్కడ ఆగుతుందో ముందే తెలియని తిప్పే ముల్లు వాడాడు. ఇప్పుడు అదే ఆలోచనను రూపాయి బిళ్లతోనూ చేస్తారు. జవాబిచ్చే మనిషి ఎవరికీ చూపించకుండా బిళ్ల ఎగరేస్తాడు. బొమ్మ పడితే ప్రశ్న ఏదైనా "అవును" అనాలి. బొరుసు పడితే నిజం చెప్పాలి. అడిగేవాళ్లకు ఏది పడిందో తెలియదు.

ఉదాహరణకు 1,000 మందిని ఓరల్ సెక్స్ అలవాటు గురించి అడిగితే 620 మంది "అవును" అన్నారనుకోండి. సుమారు 500 మందికి బొమ్మ పడి ఉంటుంది, అవి బిళ్ల చెప్పించిన "అవును"లు. మిగిలిన 120 బొరుసు పడ్డ 500 మందిలోంచి వచ్చాయి. అంటే 24 శాతం. ఒక్కరి గుట్టూ బయటపడలేదు, ఊరి లెక్క మాత్రం తేలింది! "అవును" అన్న మనిషికి నిజంగా ఆ అలవాటు ఉండే అవకాశం 620లో 240, అంటే 39 శాతమే.

దీనికి మూల్యం ఉంది. నేరుగా అడిగి అందరూ నిజం చెబితే 1,000 మందిలో ప్రామాణిక దోషం, అంటే లెక్క మామూలుగా అటూఇటూ అయ్యే తేడా, సుమారు 1.35 శాతం. బిళ్ల పద్ధతిలో అది 3.07 శాతానికి పెరుగుతుంది. అంతే కచ్చితత్వం కావాలంటే అయిదు రెట్లకు పైగా జనాన్ని అడగాలి. అయినా నాకది ఖర్చుగా అనిపించదు. వెయ్యి అబద్ధాల కన్నా అయిదు వేల నిజాలు మేలు కదా.

ఇదంతా ఎందుకంటారా? నూరు రక్తపు చుక్కలైతే ఒక వీర్యపు చుక్క అని నమ్మి కుంగిపోయే కుర్రాళ్లు ఇంకా ఉన్నారు. ఒంట్లో అలాంటి మారకం ఏదీ జరగదు. గోడల మీద "రహస్య రోగాల" ప్రకటనలు ఆ భయంతోనే బతుకుతున్నాయి. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం రాగానే "ఇంట్లో చదువుకోండి" అనే మాస్టార్లను చూస్తే నాకు బాధేస్తుంది. తనలాంటివాళ్లు ఎందరున్నారో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

బిళ్లకూ ఒక జబ్బుంది. బొమ్మ పడినా "అవును" అనడానికి కొందరికి నోరు రాదు. పై లెక్కలో అలాంటివాళ్లు 50 మంది ఉంటే 24 శాతం కాస్తా 14కి పడిపోతుంది. అందుకే 2008లో ఇంకో పద్ధతి వచ్చింది. గుట్టు ప్రశ్నతో పాటు "మీ అమ్మ ఫలానా నెలల్లో పుట్టిందా?" లాంటి మామూలు ప్రశ్న కూడా ఇస్తారు. రెండింటి జవాబూ ఒకటేనా, వేర్వేరా అన్నది మాత్రమే చెప్పాలి. మామూలు ప్రశ్నకు ఎందరు అవునంటారో ముందే అంచనా ఉంటుంది కాబట్టి, దాన్ని బట్టి గుట్టు లెక్క తేలుస్తారు. ఎవరూ "అవును" అననక్కర్లేదు. మన దగ్గర పెద్దవాళ్లు పుట్టిన నెల చాలామందికి తెలియదు కాబట్టి నేనైతే ఇలా అడుగుతాను: మనసులో ఒక చుట్టాన్ని తలచుకోండి, పేరు చెప్పొద్దు, వాళ్ల ఫోన్ నంబరు చివరి అంకె 0, 1, 2లలో ఒకటా?