పడిపోయింది చెయ్యి కాదు

పక్షవాతం వచ్చిన మనిషిని చూసి ‘కాలూ చెయ్యీ పడిపోయాయి’ అంటాం. నిజానికి ఆ చేతిలో ఎముక, కండ, నరం అన్నీ మునుపటిలాగే ఉంటాయి. మెదడులో రక్తనాళం పూడుకునో చిట్లో, ఆ చేతిని నడిపే చోట కణాలు చనిపోతాయి. మెదడు, నరాలు దెబ్బతిన్నవారు కోలుకునేలా సాధన చేయించే నాడీ పునరావాసంలో పనిచేసే ఫిజియోథెరపిస్టు పైకి చేతిని కదిలిస్తున్నట్టే ఉంటుంది. ఆమె పాఠం చెబుతున్నది మెదడుకు.

బల్ల మీద ఖాళీ స్టీలు గ్లాసు పెట్టి అందుకోమంటారు. రోగి ప్రయత్నించగానే ముందు భుజం పైకి లేస్తుంది, నడుము ముందుకు వంగుతుంది, మోచెయ్యి ముడుచుకుంటుంది. థెరపిస్టు ఆ భుజం మీద అరచెయ్యి ఆనించి కిందికి దించుతారు, రెండో చేత్తో మణికట్టుకు ఆసరా ఇస్తారు. గ్లాసు చేతికి చిక్కాక అసలు కష్టం మొదలవుతుంది. చాలామందికి పట్టుకోవడం కంటే వదలడమే కష్టం. బిగుసుకున్న వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకునే దాకా ఆమె తొందరపెట్టరు.

ఇక్కడ మరో చిక్కుంది. మంచి చెయ్యి పని చక్కబెడుతుంటే మెదడు రెండో చేతిని క్రమంగా లెక్కలోంచి తీసేస్తుంది. అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టాబ్ దీన్ని కోతుల్లో గమనించారు. ఒక చేతికి స్పర్శ తెలిపే నరాలు కోస్తే, కదిలించే నరాలు బాగున్నా అవి ఆ చేతిని వాడటం మానేశాయి. మంచి చేతిని కట్టేస్తే మళ్లీ వాడాయి. ఆ మూగజీవాల బాధ తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది, కానీ మనుషుల చికిత్సకు దారి దొరికింది అక్కడే. 2006లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధనలో, పక్షవాతం (స్ట్రోకు) వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మంది పాల్గొన్నారు. వారిలో ఒక బృందం మంచి చేతికి తొడుగు వేసుకుని, మెలకువగా ఉన్న సమయంలో ఎక్కువ భాగం బలహీనమైన చేతితోనే పనులు చేస్తూ రెండు వారాలు సాధన చేసింది. మామూలు చికిత్స పొందినవారి కంటే వీరి చెయ్యి మెరుగుపడింది. ఏడాది తరువాతా ఆ మెరుగు నిలిచింది. అయితే మణికట్టు, వేళ్లు కొద్దిగానైనా చాచగలిగినవారికే ఈ పద్ధతి పనికొస్తుంది.

మెదడులో కొత్త దారి పడాలంటే ఒకే పనిని వందలసార్లు చేయాలి. థెరపీ గదిలో అంత సమయం ఉండదు. 2009లో ఉత్తర అమెరికాలో లెక్కగడితే, ఒక్కో విడతలో చేతితో చేయించిన ఉపయోగకరమైన కదలికలు సగటున 32 మాత్రమే. మిగతాది ఇంట్లోనే జరగాలి. మన ఇళ్లలో ప్రేమే దీనికి అడ్డొస్తుంది. గుండీ పెట్టబోతే కోడలు పెట్టేస్తుంది, కంచం ముందు కూర్చుంటే కొడుకు ముద్దలు కలిపి నోటికందిస్తాడు. మింగడానికి ఇబ్బంది లేదని డాక్టరు చెప్పాక, ఆ చెయ్యి కాస్తయినా కదులుతుంటే, అన్నం దాంతోనే కలుపుకోనివ్వండి. మెతుకులు ఒలికినా, గంట పట్టినా సరే. అన్నం కలపడం, ముద్ద చేయడం, నోటికెత్తడం, వేళ్లు విప్పడం: ఒక్క పూటలో ఇవి ఎన్నిసార్లు జరుగుతాయో లెక్కపెట్టి చూడండి.

భోజనమయ్యాక లేపేటప్పుడు మాత్రం ఆ చెయ్యి పట్టి లాగకండి. పట్టు సడలిన భుజం కీలు జారుతుంది. నడుము దగ్గర ఆసరా ఇచ్చి, ఆయన్ను పాదాల మీద బరువు మోపి లేవనివ్వండి.