హిస్టోపాథాలజీ ల్యాబు: యంత్రాల మీద అపోహలు, బల్ల దగ్గరి వాస్తవాలు

రక్తం నమూనా పాడైతే ఇంకోసారి సూది గుచ్చి తీసుకోవచ్చు. ఆపరేషన్ చేసి తీసిన ముక్క పాడైతే రెండోసారి తీయడానికి అక్కడేమీ మిగలదు. ఇలా తీసిన కణజాలాన్ని పల్చగా కోసి మైక్రోస్కోపు కింద చూసే హిస్టోపాథాలజీ ల్యాబులో ఏ యంత్రం కొనాలి, మనుషుల్ని ఏ పనికి పెట్టాలి అన్న ప్రతి నిర్ణయమూ ఈ సంగతి దగ్గరే మొదలవ్వాలి. రంగు సరిగా పట్టకపోతే కడిగి మళ్లీ వేయొచ్చు. సెక్షన్ (స్లైడు మీద పెట్టే పల్చటి పొర) మందంగా వస్తే ఇంకోటి కోయొచ్చు. ఫిక్సేషన్, అంటే ముక్క కుళ్లకుండా ఫార్మలిన్‌లో గట్టిపరచడం, చెడితే మాత్రం ఎంత ఖరీదైన యంత్రమూ దాన్ని వెనక్కి తేలేదు. కొటేషన్లు తెప్పించేటప్పుడు ఈ వరసే తలకిందులవుతుంటుంది. కింది అపోహల్లో చాలావాటికి మూలం అదే.

అపోహ: మంచి టిష్యూ ప్రాసెసర్ ఉంటే స్లైడ్లు వాటంతటవే బాగుంటాయి

వాస్తవం: ప్రాసెసర్ చేసే పని ముక్కలోని నీటిని తీసేసి ఆ చోట మైనం నింపడం. అంతే. ఫార్మలిన్ సరిగా పట్టని ముక్కను అందులో పెడితే, పట్టని మధ్య భాగాన్ని ఆల్కహాల్ ఫిక్స్ చేసేస్తుంది. స్లైడులో అంచుల దగ్గర కేంద్రకాలు స్పష్టంగా ఉండి, మధ్యలో అలికేసినట్టు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. అలాంటి బ్లాకు (ముక్కను మైనంలో పోతపోసిన దిమ్మ) మధ్యలో గుంట పడుతుంది, రిబ్బన్‌లో (వరసగా కోసిన సెక్షన్ల పట్టీలో) కూడా అక్కడే చిరుగుతుంది.

ఫార్మలిన్ ముక్కలోకి మొదట్లో గంటకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున దిగుతుంది, లోతుకు పోయేకొద్దీ నెమ్మదిస్తుంది. దిగినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. ప్రోటీన్లను అది పట్టి బిగించడానికి ఇంకా గంటలు కావాలి. మాస్టెక్టమీ చేసి తీసిన రొమ్మును కోయకుండా శనివారం సాయంత్రం బకెట్‌లో వేసి సోమవారం పొద్దున తీస్తే పైన గట్టిగా, లోపల మెత్తగా కుళ్లి ఉంటుంది. చూడాల్సిన గడ్డ ఉండేది ఆ లోపలే. అందుకే వచ్చిన రోజే అంచులకు ఇంకు పూసి, సెంటీమీటరు మందాన కోసి, కోతల మధ్య గాజ్ (కట్లకు వాడే పల్చటి గుడ్డ) పెట్టి ఫార్మలిన్‌లో ఉంచాలి. ఇంకు పూయకుండా కోస్తే మార్జిన్ (సర్జన్ కోసిన అంచు) ఏదో తర్వాత ఎవరూ చెప్పలేరు కాబట్టి ఈ పని తెలిసిన మనిషి సాయంత్రం డ్యూటీలో తప్పనిసరిగా ఉండాలి. పేగును పొడవునా తెరవాలి. గర్భసంచిని రెండుగా చీల్చాలి.

రొమ్ము క్యాన్సర్ విషయంలో ఇది చికిత్సను నేరుగా మార్చేస్తుంది. ఏ మందు పనిచేస్తుందో చెప్పే ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షలు నమ్మదగినవిగా ఉండాలంటే ముక్క బయటికి తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి, అందులో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా ఉండాలి. అమెరికాలోని ఆంకాలజిస్టులు, పాథాలజిస్టుల సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకం ఇది, మన దగ్గరా దీన్నే పాటిస్తున్నారు. రిక్విజిషన్ ఫారం మీద ముక్క తీసిన టైము, ఫార్మలిన్‌లో వేసిన టైము అని రెండు గళ్లు అచ్చు వేయించడానికి ఖర్చేమీ కాదు.

డబ్బాల సంగతీ చెప్పుకోవాలి. మెత్తటి ముక్క ఇరుకు మూతి సీసాలోకి ఎలాగో దూరుతుంది. గట్టిపడ్డాక బయటికి రాదు. అప్పుడు సీసా కోయాలి, లేదా ముక్కను నలపాలి. కాబట్టి వెడల్పు మూతి డబ్బాలే కొనండి. ముక్క పరిమాణానికి కనీసం 10 రెట్లు, వీలైతే 20 రెట్లు ఫార్మలిన్ పట్టాలి. పేరు, నంబరు డబ్బా ఒంటి మీద రాయాలి, మూత మీద కాదు. మూతలు తీశాక ఏది దేనిదో తారుమారవుతాయి.

అపోహ: ఫార్మలిన్ ఎంత గాఢంగా ఉంటే ముక్క అంత త్వరగా గట్టిపడుతుంది

వాస్తవం: పైపొర త్వరగా గట్టిపడి, లోపలికి దిగే దారికే అడ్డం పడుతుంది. కావలసింది 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్. ఒక లీటరుకు కొలతలివి: 37 నుంచి 40 శాతం ఫార్మాల్డిహైడ్ ద్రావణం 100 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 900 మిల్లీలీటర్లు, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నిర్జల డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. పీహెచ్ 7 దరిదాపుల్లో ఉండాలి. ఇందులో అసలు ఫార్మాల్డిహైడ్ 4 శాతానికి మించదు. 10 శాతం అన్నారని ఫార్మాల్డిహైడే 10 శాతం వచ్చేలా లెక్కగట్టి కలపడం తరచూ జరిగే పొరపాటు.

బఫర్ ఖర్చు తగ్గించుకుందామని ఉత్త కుళాయి నీళ్లతో కలిపితే నిల్వలో ఆమ్లం పెరుగుతుంది. రక్తం ఎక్కువున్న ముక్కల్లో గోధుమ నలుపు రంగు ఫార్మలిన్ పిగ్మెంట్ ఏర్పడుతుంది. దాన్ని పిక్రిక్ ఆమ్లం కలిపిన ఆల్కహాల్‌తో తీయొచ్చు గానీ, రెండు లవణాలు తూకం వేసి కలిపితే అసలు రానే రాదు.

అపోహ: ఎన్‌క్లోజ్డ్ ప్రాసెసర్ అన్ని ఆసుపత్రులకూ మేలు

వాస్తవం: రోజుకు ఎన్ని బ్లాకులు, కరెంటు ఎలా ఉంటుంది, సర్వీస్ ఇంజనీరు ఎంత దూరం నుంచి రావాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు వచ్చాకే కొనాలి. ఎన్‌క్లోజ్డ్ రకంలో ముక్కలు ఒకే గదిలో కదలకుండా ఉంటాయి, ద్రావణాలే వచ్చిపోతాయి. వాక్యూమ్ వల్ల కొవ్వు ముక్కల్లోకి మైనం బాగా పడుతుంది, ఆవిర్లు బయటికి తక్కువ వస్తాయి. కానీ మైనం గొట్టమో వాల్వో గడ్డకట్టి ఆగిపోతే బ్యాచ్ మొత్తం ఇరుక్కుంటుంది. క్యారౌసెల్ రకంలో బుట్ట ఒక బీకరు నుంచి ఇంకో బీకరుకు తిరుగుతుంది. ఆవిర్లు ఎక్కువ కాబట్టి గాలి బాగా ఆడే గది కావాలి. అయితే యంత్రం ఆగిపోతే బుట్టను చేత్తో ఎత్తి తర్వాతి బీకరులో పెట్టి పని నడిపించొచ్చు. జిల్లా కేంద్రంలో చిన్న ఆసుపత్రికి, రోజుకు ఇరవై ముప్ఫై బ్లాకులకు క్యారౌసెల్ ఏమాత్రం తక్కువ ఎంపిక కాదని మా అభిప్రాయం.

యూపీఎస్ కొనేటప్పుడు మోటారు లోడు ఒక్కటే లెక్క చూస్తే చాలదు. మైనం హీటర్ల లోడు కలపాలి. అర్ధరాత్రి కరెంటు పోయి మైనం గడ్డకడితే పొద్దునకి బుట్ట దానిలో బిగుసుకుపోయి ఉంటుంది.

సెలవు రోజుల ముందు ప్రాసెసర్‌కు డిలేడ్ స్టార్ట్ (ఆలస్యంగా మొదలయ్యేలా టైము) పెడతారు కదా, ముక్కలు ఎదురుచూడాల్సింది ఫార్మలిన్‌లోనే. ఆల్కహాల్‌లోగాని, వేడి మైనంలోగాని గంటల తరబడి అదనంగా ఉంటే చిన్న బయాప్సీలు ఇటుక ముక్కల్లా పెళుసవుతాయి.

అపోహ: రంగు మారేదాకా ఆల్కహాల్, జైలీన్ వాడుకోవచ్చు

వాస్తవం: నీరు చేరిన ఆల్కహాల్ చూడ్డానికి తేటగానే ఉంటుంది. చివరి బీకరు అడుగున నిర్జల కాపర్ సల్ఫేట్ పోసి, పైన ఫిల్టర్ పేపరు కప్పి ఉంచితే, నీరు తగలగానే తెల్లటి పొడి నీలంగా మారుతుంది. నీరు తీయని ముక్క జైలీన్‌లోకి వెళితే జైలీన్ పాలలా మబ్బుపడుతుంది. అప్పుడు చేయాల్సింది జైలీన్ మార్చి ముందుకు పోవడం కాదు, ముక్కల్ని కొత్త ఆబ్సల్యూట్ ఆల్కహాల్‌లోకి వెనక్కి పంపడం. మార్చేటప్పుడు ప్రతి వరసలో మొదటి బీకరు పారబోసి, మిగతావి ఒక్కో స్థానం ముందుకు జరిపి, చివర కొత్తది పెట్టాలి. ఎన్ని క్యాసెట్లకు (ముక్కలు పెట్టే చిన్న ప్లాస్టిక్ పెట్టెలకు) మార్చాలో మీ లోడును బట్టి ఒక అంకె పెట్టుకుని బోర్డు మీద రాయండి. ఇథనాల్‌కు ఎక్సైజ్ అనుమతుల తలనొప్పి ఉన్నచోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడుతున్నారు. ప్రాసెసింగ్‌కు అది నిశ్చింతగా సరిపోతుంది, ముక్కను మరీ గట్టిపరచదు కూడా.

క్యాసెట్ మూత బలవంతంగా నొక్కి వేశారంటే ముక్క ఎక్కువ మందంగా ఉన్నట్టే. 3 మిల్లీమీటర్లు దాటకూడదు. చుట్టూ ద్రావణం ఆడాలి.

అపోహ: సెక్షన్ సరిగా రాకపోతే, దాన్ని కోసే మైక్రోటోమ్ పాతదైనట్టు

వాస్తవం: ముందు బ్లేడు కొత్త చోటుకి జరపండి. తర్వాత బ్లాకు చల్లబరచండి. అదీ కాకపోతే స్క్రూలు చూడండి. ఇవన్నీ అయ్యాకే యంత్రాన్ని తప్పు పట్టాలి.

రిబ్బన్‌లో నిలువు గీత పడితే బ్లేడు అంచు మీద నొక్కు ఉంది, లేదంటే బ్లాకులో కుట్టు దారమో, క్లిప్పో, సున్నపు ముద్దో ఉంది. ఒక సెక్షన్ మందం, ఒకటి పల్చన వస్తుంటే బ్లాకు పట్టు వదులు, బ్లేడు క్లాంపు వదులు, లేదా బ్లేడు కోణం చాలలేదు. కిటికీ రెక్కల్లా అడ్డ చారలు వస్తే కోణం ఎక్కువైంది, లేదా ముక్క మరీ గట్టిపడింది. క్లియరెన్స్ కోణం (బ్లేడుకు, బ్లాకు ముఖానికి మధ్య ఉండేది) 3 నుంచి 8 డిగ్రీల మధ్య ఒక్కో డిగ్రీ మార్చి చూసి, ఆ హోల్డరుకు సరిపోయిన చోట గుర్తు పెట్టుకోవాలి. సెక్షన్ ముడుచుకుపోయి వస్తుంటే బ్లేడు మొద్దుబారి ఉండాలి, లేదా బ్లాకు వేడెక్కి ఉండాలి. మన ఎండాకాలంలో రెండోదే ఎక్కువ. సెక్షనింగ్ గదికి ఏసీ విలాసం కాదు, పనిముట్టు. ఫ్యాను పెడితే రిబ్బన్ ఎగిరిపోతుంది. ఏసీ లేని చోట 56-58 డిగ్రీలకు కరిగే మైనం బదులు 60-62 డిగ్రీలది వాడితే కొంత నయం, అప్పుడు మైనం బీకర్ల వేడి కూడా రెండు మూడు డిగ్రీలు పైన పెట్టుకోవాలి.

డిస్పోజబుల్ బ్లేడుల్లో లో ప్రొఫైల్ చిన్న బయాప్సీలకు, హై ప్రొఫైల్ గట్టి ముక్కలకు, పెద్ద బ్లాకులకు. పక్కకు జరిగే బ్లేడు హోల్డరు ఉన్న మైక్రోటోమే కొనండి. ఒక చివర ట్రిమ్మింగ్‌కు (ముక్క బయటపడేదాకా పై మైనం చెక్కడానికి), మిగతాది సెక్షన్లకు వాడుకుంటే ఒక్కో బ్లేడు ఎక్కువ బ్లాకులకు వస్తుంది. మామూలు సెక్షన్ 3-4 మైక్రాన్లు, కిడ్నీ బయాప్సీకి 2. సూది బయాప్సీని దూకుడుగా ట్రిమ్ చేస్తే రోగనిర్ధారణ చేయాల్సిన కణజాలం చెత్తలోకి పోతుంది.

చేతుల భద్రత గురించి మొహమాటం వద్దు. బ్లాకు మార్చే ముందు ప్రతిసారీ హ్యాండ్‌వీల్ లాక్ వేయాలి, బ్లేడు గార్డు మూయాలి. బ్లేడు మీది మైనం తుడవాలంటే బ్రష్షు వాడాలి, అదీ వెనక నుంచి అంచు వైపుకు. పని లేనప్పుడు బ్లేడు హోల్డరులో ఉండకూడదు. వాడినవి గుచ్చుకోని తెల్ల డబ్బాలోకే వెళ్లాలి. రోజంతా వీల్ తిప్పేవాళ్లకు బొటనవేలు, మణికట్టు, భుజం నొప్పులు వస్తాయి. రోజుకు వంద బ్లాకులు దాటే ల్యాబులో మోటారు మైక్రోటోమ్‌ను సిబ్బంది ఆరోగ్యం కోసం కొనాలి, వేగం కోసం కాదు. ఎత్తు మారే కుర్చీ మాత్రం ప్రతి ల్యాబులోనూ ఉండాలి.

అపోహ: వాటర్ బాత్ అంటే గోరువెచ్చని నీళ్ల తొట్టే కదా

వాస్తవం: ఒకరి క్యాన్సర్ కణాలు ఇంకొకరి స్లైడు మీదికి చేరే చోటు అదే. ప్రతి బ్లాకు తర్వాత టిష్యూ పేపరుతో నీటి ఉపరితలం ఒకసారి లాగి తుడవాలి. నీరు మైనం కరిగే వేడి కంటే సుమారు 10 డిగ్రీలు తక్కువ ఉండాలి. వేడి ఎక్కువైతే సెక్షన్ విచ్చిపోతుంది, తక్కువైతే ముడతలు పోవు. తొట్టి లోపల నల్లగా ఉంటే సెక్షన్ బాగా కనిపిస్తుంది. రొటీన్ హెచ్ అండ్ ఈ రంగుకు ఆల్బుమిన్ పూసిన స్లైడు సరిపోతుంది. ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీకి (యాంటీబాడీలతో ప్రోటీన్లను గుర్తించే పరీక్షకు) పాజిటివ్ చార్జ్ స్లైడ్లే వాడాలి, లేకపోతే ఆ ప్రోటీన్లను మళ్లీ బయటపెట్టే యాంటిజెన్ రిట్రీవల్ వేడికి సెక్షన్ ఊడిపోతుంది.

అపోహ: మాస్కు పెట్టుకుంటే ఫార్మలిన్ ఏం చేయదు

వాస్తవం: సర్జికల్ మాస్కుగానీ ఎన్95గానీ ఆవిరిని ఆపవు. ఫార్మాల్డిహైడ్‌కు తగిన కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటరే ఆపుతుంది. ఫార్మాల్డిహైడ్‌ను మనుషుల్లో క్యాన్సర్ కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో నిర్ధారించింది. అమెరికా చట్టం 8 గంటల సగటుకు పెట్టిన హద్దు 0.75 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు ఇన్ని భాగాలు), 15 నిమిషాలకు 2 పీపీఎం. వాసనకు ముక్కు అలవాటు పడిపోతుంది కాబట్టి ముక్కును కొలమానంగా నమ్మకూడదు. ముక్కల్ని పరిశీలించి కోసే గ్రాసింగ్ బల్ల దగ్గర ఆవిరిని మొహానికి దూరంగా, వెనక్కో కిందికో లాగే ఎగ్జాస్ట్ కావాలి. పైకప్పు దగ్గర పెట్టిన ఎగ్జాస్ట్ ఫ్యాను ఆ ఆవిరిని మన ముక్కు మీదుగానే తీసుకెళుతుంది. బడ్జెట్ ఒక్కదానికే ఉంటే ప్రాసెసర్‌ను వచ్చే ఏడాదికి వాయిదా వేసి ఈ బల్ల కొనండి. వాడిన ఫార్మలిన్, జైలీన్ సింకులో పోయకూడదు. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం విడిగా సేకరించాలి.

అపోహ: ఫ్రోజెన్ సెక్షన్ ఇరవై నిమిషాల్లో వస్తుంటే, బయాప్సీకి రోజులెందుకు?

వాస్తవం: ఫ్రోజెన్, అంటే ముక్కను గడ్డకట్టించి అప్పటికప్పుడు కోసి చూడటం, ఆపరేషన్ బల్ల మీద సర్జన్ అడిగే ఒక్క ప్రశ్నకు జవాబు. మంచు స్ఫటికాలు కణాల్ని చీల్చేస్తాయి, వివరం తగ్గుతుంది, చివరి మాట పారఫిన్ (మైనం) సెక్షన్‌దే. ముక్క ఫార్మలిన్‌లో కాకుండా, సెలైన్‌లో తేలకుండా, తాజాగా వెంటనే రావాలి. క్రయోస్టాట్ (చల్లటి గదిలో మైక్రోటోమ్ ఉన్న యంత్రం) చాలావాటికి మైనస్ 20 డిగ్రీల దగ్గర సరిపోతుంది. మెదడుకు మైనస్ 12-15, కొవ్వున్న రొమ్ముకు మైనస్ 25-30. స్లైడు మీద ఎత్తగానే క్షణం ఆరనివ్వకుండా ఆల్కహాల్‌లో ముంచాలి. చలికి టీబీ క్రిములు చావవు. టీబీ అనుమానం ఉంటే, జవాబు ఆపరేషన్‌ను మార్చేదైతేనే ఫ్రోజెన్ చేయాలి, తర్వాత యంత్రాన్ని పూర్తిగా డీకంటామినేట్ చేయాలి.

అపోహ: రిపోర్టు వెళ్లిపోయాక బ్లాకులతో పనిలేదు

వాస్తవం: జబ్బు తిరగబెట్టినప్పుడు, కొత్త మందుకు జన్యు పరీక్ష కావాల్సినప్పుడు, పెద్ద ఆసుపత్రిలో రెండో అభిప్రాయం అడిగినప్పుడు అందరూ వెతికేది ఆ బ్లాకునే. ఎముక ముక్కను నైట్రిక్ ఆమ్లంలో తొందరగా మెత్తబరిచి ఉంటే అప్పుడు డీఎన్ఏ పరీక్ష సరిగా పనిచేయదు. అందుకే బోన్ మ్యారో బయాప్సీకి ఈడీటీఏ (కాల్షియాన్ని మెల్లగా లాగేసే రసాయనం) మేలు, ఆలస్యమైనా సరే. బ్లాకుల బీరువా డాబా కింది పై అంతస్తు గదిలో పెట్టొద్దు, మే నెల ఎండకు మైనం మెత్తబడి బ్లాకులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఎలుకలకు, బొద్దింకలకు దారిలేని ఇనుప సొరుగులు వాడండి. బ్లాకు బయటికి ఇచ్చే ముందు ఒక సెక్షన్ కోసి దగ్గర ఉంచుకుని, నంబరు, తేదీ, తీసుకున్నవారి సంతకం రిజిస్టరులో రాయించండి, తిరిగి వచ్చిన రోజున అదే వరసలో మరో సంతకం పడాలి.