షీటు చివర ఉండే అంకెలు: మెడికల్ షాపు గురించి అపోహలు - వాస్తవాలు

పల్నాడులో ఓ చిన్న ఊళ్లో 14 ఏళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నాను. ఫార్మసీ కౌన్సిల్‌లో పేరున్న ఫార్మసిస్టును. కౌంటర్ దగ్గర రోజూ వినే మాటల్లో కొన్నిటికి నిలబెట్టి జవాబు చెప్పే తీరిక దొరకదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెడితే చాలు, ఇంకే భయం లేదు.

వాస్తవం: ఫ్రిజ్‌లో ఎక్కడ పెట్టామన్నది చూడాలి. వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఒకసారి గడ్డకట్టిందంటే పారేయాల్సిందే. కరిగాక చూడ్డానికి మామూలుగానే కనిపించవచ్చు, కానీ దాన్ని నమ్మడానికి లేదు. అందుకే ఫ్రీజర్‌కు ఆనుకున్న అరలో, వెనక గోడకు తగిలేలా పెట్టను. మా ఫ్రిజ్‌లో థర్మామీటర్ ఉంటుంది. పొద్దున షటర్ తీయగానే ఒకసారి, రాత్రి వేసే ముందు ఒకసారి చూసి పుస్తకంలో రాస్తాను. మే నెల ఎండలో మీరు ఇన్సులిన్ కొని బండి డిక్కీలో పెట్టుకుని సంతలో గంట తిరిగితే, నేను పడ్డ జాగ్రత్తంతా వృథా.

అంతకంటే పెద్ద ప్రమాదం సిరంజిలో ఉంది. ఒక పెద్దాయనకు ఎంతకీ షుగర్ దిగడం లేదు. డోసు పెంచమని డాక్టరుగారిని అడగబోతున్నారు. "బాబాయ్, సిరంజి ఓసారి తెచ్చి చూపించండి" అన్నాను. తెచ్చారు, నారింజ రంగు మూత. కొడుకు పట్నం నుంచి పెట్టె నిండా పంపాడట. మన దగ్గర ఎక్కువగా దొరికే ఇన్సులిన్ సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లుంటాయి, దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. నారింజ మూతది 100 యూనిట్ల ఇన్సులిన్‌కు. ఆయన 20 గీత దాకా లాగుతున్నారు, ఒంట్లోకి పోతున్నది 8 యూనిట్లే. ఇదే తిరగబడి, 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు పోతాయి. షుగర్ ఒక్కసారిగా పడిపోయి మనిషి దక్కకపోవచ్చు. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటే ఉండాలి. ఇన్సులిన్ ఇచ్చే ప్రతి ఫార్మసిస్టూ ఈ ఒక్క మాట అడిగి తీరాలి.

అపోహ: చీటీ చూసి మందు ఇచ్చేస్తే అయిపోయె, ఇన్ని ప్రశ్నలెందుకు?

వాస్తవం: కీళ్లవాతానికి రాసే మెథోట్రెక్సేట్ బిళ్ళ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. మిగతా బిళ్ళలతో పాటు రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. కవరు మీద వారంలో ఏ రోజో పెద్ద అక్షరాలతో రాసి, "ఏ రోజు వేసుకుంటావు పెద్దమ్మా?" అని ఆమె నోటనే చెప్పిస్తాను. వెనక నలుగురు నిలబడి తొందరపెట్టినా సరే. పిల్లల జ్వరానికి నిమెసులైడ్ అడిగినా ఇంతే. 12 ఏళ్లలోపు పిల్లలకు అది 2011 నుంచి మన దేశంలో నిషేధం. ముందు వయసు అడుగుతాను, తర్వాతే చెయ్యి అర మీదికి పోతుంది.

అపోహ: పక్క షాపువాళ్లు చీటీ లేకుండానే ఇస్తున్నారు, మీదంతా పట్టుదల.

వాస్తవం: సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్స్, అల్ప్రాజొలామ్, టీబీ మందులు హెచ్1 షెడ్యూల్లో, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలో ఉన్నాయి. 2014 మార్చి నుంచి అమలవుతున్న నిబంధన ఇది. రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చామన్నది రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. పక్కవాళ్ల సంగతి నాకు అనవసరం.

అపోహ: జనరిక్ అంటే పవర్ తక్కువ.

వాస్తవం: లైసెన్సు, ఫార్మకోపియా (మందుల నాణ్యత ఎలా ఉండాలో చెప్పే అధికారిక పుస్తకం) ప్రమాణాలు జనరిక్‌కూ బ్రాండెడ్‌కూ ఒకటే. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నెలనెలా ప్రకటించే నాసిరకం మందుల జాబితాల్లో బ్రాండెడ్ మందులూ ఉంటాయి. ధర చూసి నాణ్యత చెప్పలేం. అయితే మూర్ఛకు, థైరాయిడ్‌కు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా నెలకో కంపెనీ మార్చొద్దని నా సలహా.

అపోహ: ఊళ్లో షాపే కదా, సగం షీటుకు బిల్లెందుకు?

వాస్తవం: బ్యాచ్ నంబరు (ఒక విడతలో తయారైన మందుకు వేసే గుర్తు), గడువు తేదీ చాలా షీట్లకు ఒక చివరే ఉంటాయి. నేను రెండో చివర నుంచి కత్తిరిస్తాను, ఆ అంకెలున్న ముక్క ఆఖరి బిళ్ళ దాకా షాపులోనే ఉంటుంది. మీకు వచ్చే ముక్క మీద తేదీ ఉండదు కాబట్టి కవరు మీదా బిల్లు మీదా రాసిస్తాను. నెల మాత్రమే ముద్రించి ఉంటే ఆ నెల చివరి రోజు దాకా వాడొచ్చు.

2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం కలిసిన దగ్గు సిరప్ తాగి పసిపిల్లలు చనిపోయారు. అలాంటప్పుడు ఫలానా బ్యాచ్ ఆపేయమని కబురొస్తే, అరలో ఉన్న సీసాలు తీసి పక్కన పెట్టడం నిమిషాల పని. అప్పటికే ఇళ్లకు వెళ్లిపోయిన సీసాలను పట్టుకోవాలి. ఏ బ్యాచ్ ఎవరింటికి పోయిందో నాకు చెప్పేది ఆ బిల్లే. అందుకే పది రూపాయల మందైనా బిల్లు మీద మీ ఫోన్ నంబరు అడిగి రాసుకుంటాను.