పీఎఫ్ సొమ్ము: కష్టాన్ని రుజువు చేసుకోవాల్సిన డెబ్బై ఏళ్లు

2025 అక్టోబరు 13న ఢిల్లీలో ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ (ఈపీఎఫ్‌వో) ట్రస్టీల బోర్డు సమావేశమైంది. రిటైరవకముందే పీఎఫ్ సొమ్ము తీసుకోవడానికి అప్పటిదాకా ఉన్న 13 రకాల నిబంధనలను మూడు పద్దుల్లోకి కుదించాలని తీర్మానించింది. జబ్బు, చదువు, పెళ్లి ఒక పద్దు. ఇల్లు రెండోది. ప్రత్యేక పరిస్థితులు మూడోది, దీనికి కారణం కూడా చెప్పనక్కర్లేదు. ఏడాది సర్వీసుంటే చాలు, యాజమాన్యం వాటాలోంచి కూడా తీసుకోవచ్చు. అదే సమావేశం ఇంకో మాట కూడా అంది: ఖాతాలో 25 శాతం ఎప్పుడూ కదలకూడదు, ఉద్యోగం పోయినవాళ్లు లెక్క పూర్తిగా తేల్చుకోవాలంటే ఇదివరకటిలా రెండు నెలలు కాదు, 12 నెలలు ఆగాలి. ‘ఇక అడిగిందే తడవుగా ఇస్తారట’ అన్న సంబరానికీ, ‘మన డబ్బు మనకివ్వడానికి వీళ్లకేం బాధ’ అన్న కోపానికీ ఆధారం ఒకటే నిర్ణయం.

ఇవ్వాలా, ఆపాలా అన్న ఈ లాగుడు కొత్తది కాదు. ఉద్యోగుల భవిష్య నిధి (పీఎఫ్) ఆర్డినెన్సు 1951 నవంబరు 15న వచ్చింది, మరుసటి ఏడాది చట్టమైంది. మొదట ఆరు పరిశ్రమలకే వర్తింపు: సిమెంటు, సిగరెట్లు, ఇంజినీరింగ్, ఇనుము ఉక్కు, కాగితం, వస్త్రాలు. జనపనారను వస్త్రాల కిందే లెక్కేశారు కాబట్టి ఏలూరు జూట్ మిల్లు లాంటివి ఆ గీత లోపలికి వచ్చాయి. చక్కెర ఫ్యాక్టరీలు, బియ్యం మిల్లులు ఆ తొలి జాబితాలో లేవు. జీతంలోంచి కోత ఆరుంపావు శాతం, అంటే రూపాయికి అణా. యాజమాన్యం ఇంకో అణా కలపాలి. ఇప్పుడది 12 శాతం.

అప్పట్లో ఆ కార్మికుడికి పెన్షన్ లేదు. కుటుంబ పెన్షన్ 1971లో, ఉద్యోగి పెన్షన్ పథకం 1995 నవంబరులో వచ్చాయి. అంతవరకు ముసలితనానికి మిగిలేది ఈ మూట ఒక్కటే. దాన్ని మధ్యలో విప్పనివ్వడానికి సర్కారు వెనకాడిందంటే అర్థముంది. విప్పనిచ్చిన చోట మాత్రం ఎవరో ఒకరి సంతకం అడిగింది. నా దృష్టిలో ఈ చరిత్రంతా ఆ సంతకం చుట్టూ తిరిగినదే.

జబ్బుకు ఉన్న పాత నిబంధననే చూడండి. నెల రోజులకు తగ్గకుండా ఆస్పత్రిలో ఉండాలి, లేదా పెద్ద ఆపరేషన్ జరగాలి. అదీ కాకపోతే క్షయ, కుష్ఠు, పక్షవాతం, క్యాన్సర్, గుండె జబ్బు, మతి చలించడం, ఈ వరసలో ఒకటై ఉండాలి. డాక్టరు రాసివ్వాలి, యాజమాన్యం ధ్రువీకరించాలి. ఇంతా చేస్తే దక్కేది ఆరు నెలల బేసిక్ (మూల వేతనం), డీఏ (కరువు భత్యం), లేదా తన వాటా వడ్డీతో సహా. ఏది తక్కువైతే అది. పెళ్లికైతే ఏడేళ్ల సభ్యత్వం, శుభలేఖ, తన వాటాలో సగం. మిల్లు పదిహేను రోజులు దాటి మూతపడితే ఇచ్చే అడ్వాన్సు వేరే. పేరుకు అడ్వాన్సే గానీ వీటిలో చాలావాటిని తిరిగి కట్టే పని లేదు. చేతికొచ్చినంత మేరా ముసలితనానికి తరుగే.

మా గోదావరి డెల్టాకు బాగా అక్కరకు రావాల్సింది ప్రకృతి వైపరీత్యాల నిబంధన. 1986 ఆగస్టులో ధవళేశ్వరం మీదుగా 35 లక్షల క్యూసెక్కులు పోయిన నేల ఇది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ కొబ్బరిని నేలమట్టం చేసి వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసిన నేల. ఆ పాత నిబంధన ప్రకారం ముందు రాష్ట్ర ప్రభుత్వం విపత్తని ప్రకటించాలి, ఇల్లూ వాకిలీ దెబ్బతిన్నట్టు అధికారి ధ్రువపత్రం ఇవ్వాలి, దరఖాస్తు నాలుగు నెలల్లోపు పెట్టాలి. వచ్చేది తన వాటాలో సగం లేదా 5,000 రూపాయలు, ఏది తక్కువైతే అది. రూపాయి విలువ ఎంత పడిపోయినా ఆ అంకె చాలాకాలం అక్కడే కూర్చుంది. కూలిన పాకకు తాటాకు కప్పించడానికీ చాలని సొమ్ము కోసం మూడు కాగితాలు!

2016 ఫిబ్రవరిలో కేంద్రం వెనక్కి లాగింది. యాజమాన్యం వాటాను 58 ఏళ్ల దాకా ముట్టుకోవద్దంది. ఏప్రిల్‌లో బెంగళూరు గార్మెంట్ కార్మికులు, అందులో ఎక్కువమంది ఆడవాళ్లు, రోడ్ల మీదికి వచ్చారు. ఏప్రిల్ 19న ఆ ఉత్తర్వు రద్దయింది. మరుసటి ఏడాది జబ్బుకు డాక్టరు కాగితం బదులు సొంత ప్రకటన చాలన్నారు. 2018 డిసెంబరులో పని పోయిన నెలకే 75 శాతం ఇచ్చే నిబంధన చేరింది. 2020 మార్చి 28న కోవిడ్ అడ్వాన్సు వచ్చింది: మూడు నెలల బేసిక్, డీఏ లేదా ఖాతాలో 75 శాతం, ఏది తక్కువైతే అది. కష్టంలో ఉన్నానని కార్మికుడు చెబితే నమ్మడం అలా మొదలైంది.

సంతకం పోయింది, దాని స్థానంలోకి ఆధార్ వచ్చింది. మనవైపు అసలు తిప్పలు ఇక్కడే. కంపెనీ రికార్డులో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తిగా. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన అమ్మాయికి పాత ఖాతాలో పుట్టింటి పేరు. రొయ్యల ప్లాంటులో తలలు తీసే ఆడవాళ్లకు కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త ఖాతా తెరిచేస్తే, పాతదాంట్లోది ఎక్కడుందో వాళ్లకే తెలియదు. నెట్ సెంటర్లో అడ్వాన్సు కోసం ఫారం 31 నింపడం నిమిషాల పని, పేరు సరిచేయించుకోవడం నెలల పని.

చెరువు గట్టున కాపలా ఉండేవాడికీ, కొబ్బరి దింపేవాడికీ, వరి కోసేవాళ్లకీ ఈ గొడవే లేదు, పీఎఫ్ లేదు కాబట్టి. కష్టమొస్తే వాళ్లకు తాకట్టు కొట్టు, డైలీ ఫైనాన్సు.

ఖాతా ఉన్నవాళ్ల సంగతి కార్మిక శాఖ అంకెల్లోనే ఉంది: చివరి లెక్క తేల్చుకునేనాటికి సగం మంది సభ్యుల దగ్గర ఉండేది 20,000 రూపాయల లోపు. మాటిమాటికీ తీసేయడం వల్లే ఇలా అయిందని, అందుకే 25 శాతం కట్టడి అని ప్రభుత్వ వాదన. కాదనలేం. కానీ అమెరికా సుంకాలు 50 శాతానికి చేరి రొయ్యల ఎగుమతి దెబ్బతిన్న ఏడాదే ఈ నిర్ణయం వచ్చింది. ప్లాంటు మూసేస్తే 75 శాతం వెంటనే అందుతుంది. ఇరవై వేలున్న ఖాతాలో మిగిలే ఐదు వేల కోసం ఏడాది ఎదురుచూడటం ఎవరి ముసలితనాన్ని కాపాడుతుందో బోర్డు చెప్పాలి. జీతం పెరగకుండా, కాంట్రాక్టు పని పోకుండా ఆ ఖాతా ఎలా నిండుతుందన్నది ఆ సమావేశం అజెండాలో లేదు.