సోయా బుడిపెకు తెలియకుండా నత్రజని

ఎకరాకు 8 క్వింటాళ్ళ సోయాచిక్కుడు పండిందనుకుందాం. గింజలో నూటికి 40 పాళ్ళు మాంసకృత్తులే. అంటే 320 కిలోలు. మాంసకృత్తుల నుంచి నత్రజనిని లెక్కకట్టే అంకె 6.25. దానితో భాగిస్తే గింజలోకి చేరిన నత్రజని 51 కిలోలు. ఆకు, కాండం కూడా కలుపుకుంటే లెక్క 64 కిలోల దగ్గర తేలుతుంది. మనం అడుగు మందుగా వేసే డీఏపీ బస్తాలో ఉన్నది 9 కిలోలే. మిగతా 55 కిలోలు యూరియాతో తెద్దామంటే రెండున్నర బస్తాలకు పైనే కావాలి. అన్ని వేసిన చేను ఇంకా ఎక్కువ పండాలి కదా. పండదు. ఎందుకు పండదో తెలిస్తే తప్ప, మెల్లగా కరిగే ఎరువు సోయాకు పనికొస్తుందా అన్న ప్రశ్నకు జవాబు దొరకదు. 2025 వానాకాలంలో యూరియా కోసం చెప్పులు వరుసలో పెట్టి నిలబడిన రోజుల తర్వాత ఆదిలాబాద్, నిర్మల్, మద్నూర్ వైపు ఈ ప్రశ్నకు బరువు పెరిగింది.

పప్పుజాతి మొక్కలు గాలిలోని నత్రజనిని ఉచితంగా తీసుకుంటాయని బడిలో చెప్పి వదిలేస్తారు. ఆ ఒక్క మాట చాలా నష్టం చేసింది. అది ఉచితం కాదు. సోయా వేళ్ళకు కట్టే చిన్న బుడిపెల్లో బ్రాడీరైజోబియం అనే బాక్టీరియా ఉంటుంది. ఒక్క నత్రజని అణువును విడగొట్టడానికి అది 16 ఏటీపీలు, అంటే కణం శక్తిగా వాడుకునే అణువులు, ఖర్చు పెడుతుంది. మొక్క వైపు నుంచి చూస్తే, ఒక గ్రాము నత్రజనికి సుమారు 6 గ్రాముల కర్బనం, అంటే ఆకు ఎండలో కష్టపడి చేసిన చక్కెర, వేరుకు పంపాలి. అందుకే మొక్క లెక్క చూసుకుంటుంది. బుడిపెలు కట్టడం మొదలుపెట్టిన వేరు ఆర్‌ఐసీ1, ఆర్‌ఐసీ2 అనే చిన్న పెప్టైడ్లను (మాంసకృత్తుల తునకలను) ఆకుకు పంపుతుంది. ఆకులోని నార్క్ అనే గ్రాహకం వాటిని పట్టుకుని, ఇక చాలు అని కిందికి కబురు పెడుతుంది. యూరియా మట్టిలో చివరికి మారేది నైట్రేట్‌గానే. అది కనిపించినప్పుడు ఎన్‌ఐసీ1 అనే ఇంకో పెప్టైడ్ తయారై అక్కడికక్కడే, ఆ వేరులోనే, బుడిపెలను ఆపేస్తుంది. నార్క్ జన్యువు చెడిన సోయా మొక్కలు నైట్రేట్‌ను లెక్కచేయకుండా వేరు నిండా బుడిపెలు కడతాయి, కానీ ఆ పోషణ భారంతో మొక్కే చిక్కిపోతుంది.

ఇందులో ఎరువు వేసేవారు పట్టుకోవలసిన మాట ‘అక్కడికక్కడే’. ఈ ఆపుదల చాలావరకు నైట్రేట్ తగిలిన వేరుకే పరిమితం. పైన ఆరేడు అంగుళాల మట్టిలో బుడిపెలు ఉంటాయి. నత్రజని దానికి కిందనో, లేక ఎరువు గుళిక మీద పూసిన పొర చాటున కొద్దికొద్దిగానో ఉంటే బుడిపె పని ఆపదు. జపాన్‌లోని నీగాటాలో పరిశోధకులు చేసింది ఇదే. పూత యూరియాను 20 సెంటీమీటర్ల లోతున పెట్టారు. బుడిపెల పని తగ్గలేదు, దిగుబడి పెరిగింది.

ఇక ఆ పూత సంగతి. రాత్రి శనగలు నానబెట్టి పొద్దున గుడాలు చేసే ఏ ఇంట్లోనైనా పూత యూరియా శాస్త్రమంతా గిన్నెలో కనిపిస్తుంది. మొదటి గంట గింజలో పెద్ద మార్పు ఉండదు. పాలిమర్ (ప్లాస్టిక్) పూత ఉన్న యూరియా గుళికకు కూడా మొదట ఇలాంటి మౌనదశ ఉంటుంది. ఆ తర్వాత పొట్టు గుండా నీరు లోపలికి దూరుతుంది. గుళికలో నీటి ఆవిరి చేరి యూరియాను కరిగిస్తుంది, లోపల పీడనం పెరుగుతుంది. సాగే పొట్టు ఉన్న శనగ ఉబ్బుతుంది, లోపలి సారం మెల్లగా ఊరి నీళ్ళు పసుపెక్కుతాయి. పాలిమర్ గుళిక తీరు ఇది. పెళుసు పొట్టు పగిలి పప్పు బయటపడుతుంది. గంధకం పూత తీరు ఇది: పగులు పడిందంటే లోపలిదంతా ఒక్కసారే వచ్చేస్తుంది. ముందే పొట్టు ఊడిన గింజ నిమిషాల్లో నానిపోతుంది. గొర్రుకు గింజలు పోసే జడ్డిగంలోనో, యంత్రం పళ్ళ చక్రం కిందో నలిగిన గుళిక మామూలు యూరియాతో సమానం. గిన్నె అడుగున ఎంత నానినా నానని గింజలు నాలుగు ఉంటాయి. పూత మరీ మందమైన గుళికలు కూడా అలాగే పంట కోసే నాటికీ విప్పుకోవు. వేడి నీళ్ళలో శనగలు త్వరగా నానుతాయి. గుళికకైతే 10 డిగ్రీలు పెరిగితే విడుదల దాదాపు రెట్టింపు. 25 డిగ్రీల దగ్గర వంద రోజులని రాసిన సరుకు, జూలైలో 30 డిగ్రీల మట్టిలో 70 రోజులకే అయిపోతుంది. జేఎస్ 335 లాంటి వంద రోజుల రకంలో కాయ నిండే పని చాలావరకు సాగేది ఆ తర్వాతే.

కాయ నిండే దశ గురించి 1975లోనే సింక్లెయిర్, డి విట్ అనే శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. సోయా గింజ అడిగే నత్రజనిని వేరు ఆ వేగంతో ఇవ్వలేదు కాబట్టి ఆకు తన మాంసకృత్తులను తానే విప్పి కాయకు పంపుతుంది. అదే సమయానికి బుడిపెలు ముదిరి వాడిపోతుంటాయి. మెల్లగా విడుదలయ్యే ఎరువు ఉపయోగపడే కిటికీ ఆ రెండు మూడు వారాలే. ఎకరాకు 18 క్వింటాళ్ళు దాటే చేలలో ఆ లోటు పెద్దది. వానాధారపు రేగడిలో 8, 10 క్వింటాళ్ళ పంటకు బుడిపె, మట్టి కలిసి చాలావరకు సర్దేస్తాయి. కాబట్టి ఇక్కడ ఖరీదైన పాలిమర్ యూరియా కొనమని చెప్పడం సరికాదు. పైగా ఖాళీ పొట్టు మట్టిలో ప్లాస్టిక్‌గా మిగులుతుంది. జపాన్ వరి మళ్ళ నుంచి అది కాలువల గుండా సముద్రతీరానికి చేరుతోంది.

మన దుకాణంలో దొరికేవి రెండు. 2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేపపూత తప్పనిసరి. రామగుండం నుంచి వచ్చే బస్తాలోనూ ఉన్నది అదే. వేపనూనె గుళికను కరగకుండా ఆపదు. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియాను కొన్నాళ్ళు మందగింపజేస్తుంది, అంతే. రెండోది 2023లో వచ్చిన గంధకం పూత యూరియా, పేరు యూరియా గోల్డ్: 40 కిలోల బస్తా, 37 శాతం నత్రజని, 17 శాతం గంధకం. గంధకం లేకపోతే సోయాలో నూనె, మాంసకృత్తులు రెండూ తగ్గుతాయి. డీఏపీ వాడే చేనుకు ఆ గంధకమే అసలు లాభం.

ఎకరాకు సిఫారసు 12 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 16 కిలోల పొటాష్. డీఏపీ ఒక బస్తా, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 27 కిలోలు వేస్తే నత్రజని 3 కిలోలు తగ్గుతుంది. 8 కిలోల యూరియా గోల్డ్ దాన్ని పూడుస్తుంది. లేదా సూపర్ ఫాస్ఫేట్ మూడు బస్తాలు, మామూలు యూరియా 26 కిలోలు, పొటాష్ అంతే. సూపర్‌లోనే 16 కిలోల గంధకం వస్తుంది కనుక అప్పుడు గోల్డ్ అక్కర్లేదు. ఏదైనా గింజకు రెండంగుళాలు పక్కన, రెండంగుళాలు కింద పడాలి. యూరియా గింజను తాకితే పుట్టే అమ్మోనియా మొలకను చంపుతుంది. పైన చల్లి వదిలేస్తే సున్నం ఎక్కువున్న రేగడిలో అది గాలిలో కలుస్తుంది. దుక్కిలో 4 టన్నుల చివికిన పెంట వేస్తే 20 కిలోల దాకా నత్రజని మట్టికి చేరి, కొంత ఈ పంటకు, కొంత తర్వాతి పంటలకు అందుతుంది. మొదటి వానకు ఎండిన రేగడి తనంతట తానే నైట్రేట్ వదులుతుంది, మొలకకు అది చాలు.

సోయా మన నేలలో పుట్టిన పంట కాదు. దాని బాక్టీరియా కొత్త చేనులో ఉండదు. పల్లి, బొబ్బర్ల బుడిపెల్లో ఉండేవి దీనికి సరిగా పనికిరావు. 10 కిలోల విత్తనానికి ఆ బాక్టీరియా ఉన్న 200 గ్రాముల కల్చర్ ప్యాకెట్ చొప్పున, చల్లారిన బెల్లం నీళ్ళతో అంటుకునేంత మాత్రమే తడిపి పట్టించాలి. నీళ్ళు ఎక్కువైతే పొట్టు ఊడుతుంది. శిలీంధ్రనాశిని ముందు, కల్చర్ చివర, నీడలో ఆరబెట్టి ఆ రోజే విత్తాలి. కల్చర్ పట్టిన గింజను డీఏపీతో కలిపి ఒకే జడ్డిగంలో పోయడం మామూలుగా జరిగే తప్పు. ఆ ఎరువులోని ఉప్పుకు బాక్టీరియా బతకదు.

చేను పసుపెక్కగానే దిష్టి తగిలిందని గుమ్మడికాయ కట్టేవారూ, యూరియా చల్లేవారూ ఇద్దరూ వేరును చూడరు. నీళ్ళు నిలిచి గాలి ఆడక బుడిపె ఆగిపోయినా, సున్నపు నేలలో ఇనుము అందకపోయినా పసుపే. 35వ రోజున పారతో ఐదు మొక్కలు మట్టితో సహా లేపి బకెట్లో కడగాలి. పీకితే బుడిపెలు మట్టిలోనే ఉండిపోతాయి. బ్లేడుతో కోస్తే లోపల గులాబీ రంగు ఉంటే అది పనిచేసే బుడిపెలో ఉండే లెగ్‌హీమోగ్లోబిన్, పని సాగుతోంది. నీళ్ళు నిలిస్తే కాలువ తీయాలి, యూరియా వద్దు. తెల్లగా ఉంటే ఇంకా ఎదగనివి, వారం ఆగి మళ్ళీ చూడాలి. వేరు తానే ఉబ్బి, ఆ ఉబ్బు గోటితో ఊడిరాకపోతే అవి బుడిపెలు కావు, నులిపురుగుల గాయాలు. బుడిపెలే లేకపోతే అప్పుడు మాత్రం అర బస్తా యూరియా సాళ్ళ వెంట వేసి, వెంటనే గుంటుక తోలి మట్టిలో కలపాలి.