మన శరత్తులో ఆకులు రాలవు

పిల్లలూ,

మొన్న మీలో ఒక పాప నా దగ్గరికి బొమ్మ గీసుకొచ్చింది. ఒక చెట్టు, దాని నిండా ఎర్రటి ఆకులు, కింద ఇంకో కుప్ప. పైన ‘ఆటమ్’ అని రాసింది. "తాతా, మన బడి తోటలో ఇది ఎప్పుడొస్తుంది?" అనడిగింది. "ఆటమ్ అంటే మన శరత్తే. వచ్చేసింది కదమ్మా, ఆశ్వయుజం నడుస్తోంది" అన్నాను. పాప చుట్టూ చూసింది. వేప పచ్చగా ఉంది, కానుగ పచ్చగా ఉంది, నాలుగు వానలు పడేసరికి గరిక దారి మీదికే పాకింది. తాత కోతలు కోస్తున్నాడని పాప ముఖంలోనే కనబడింది. అది భరించలేకే ఈ ఉత్తరం.

బొమ్మలో తప్పు లేదు, ఊరే వేరు. చలిదేశాల్లో శీతాకాలం నేల గడ్డకట్టుకుపోయి వేళ్లకు నీళ్లు అందవు. అందుకని చెట్టు ముందే ఆకుల్లోని పచ్చదనాన్ని విరగ్గొట్టి, పనికొచ్చే సరుకంతా లోపలికి లాగేసుకుంటుంది. పచ్చరంగు పోయాక దాని చాటున ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం కొన్ని చెట్లు అప్పటికప్పుడు తయారుచేసుకుంటాయి.

మన అనంతపురం చెట్లకు చలితో పేచీ లేదు, పేచీ అంతా నీళ్లతోనే. ఏడాది మొత్తానికి పడేది 550 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా. అందులో పెద్ద వాటా సెప్టెంబరుదే. జీతం చేతికొచ్చిన నెలలోనే ఎవరైనా పస్తుంటారా? ఇక్కడ ఆకులు రాలేది నేల ఎండాక, మాఘ ఫాల్గుణాల్లో. దాన్నే శిశిరం అంటాం. ఎర్రటి ఆకులే కావాలంటే అప్పుడు సైకిల్ స్టాండు పక్కనున్న బాదం చెట్టు కిందికి రండి. ఊడ్చే పని మాత్రం మీదే.

శరత్తు మనకు పూలకాలం. గుట్టల మీద తంగేడు చూశారుగా? ఎవరూ నాటరు, ఎవరూ నీళ్లు పొయ్యరు, అయినా పసుపు ముద్దలా పూస్తుంది. నేను రోజూ బిందెతో నీళ్లు మోసే గులాబీ దాని ముందు చిన్నబోతుంది (గులాబీకి చెప్పకండి). చెనిక్కాయ చేలల్లో గురుగు తెల్లటి కంకులెత్తి నిలబడుతుంది. అది రైతుకు కలుపు, మా ఇంట్లో లేతాకు పప్పులోకి. ఇక పారిజాతం రాత్రి పూసి, తెల్లారేసరికి తనే రాలుతుంది. కిందపడినా దేవుడికి పనికొచ్చే పువ్వు కాబట్టి నాకు కోసే పని లేదు. అందుకే అదంటే నాకు కాస్త పక్షపాతం.

బంతి లేని దసరా ఉంటుందా? కానీ ఆ మొక్క సొంతూరు మెక్సికో. ఓడలెక్కి వచ్చి మన గుమ్మాలకు ఎక్కింది. నాటిన నెలకు నేను దాని తల తుంచుతుంటే "పాపం తాతా!" అని గోలపెట్టారు. తల తుంచితే పక్కకొమ్మలు వేస్తుంది, కొమ్మకొమ్మకూ పూస్తుంది. ఎండిన బంతిపువ్వును ఒకసారి విప్పి చూడండి, ఒక్కో రేకు అడుగున ఒక్కో సన్నటి నల్ల గింజ ఉంటుంది. మనం రేకు అనుకునే ప్రతిదీ ఒక చిన్న పువ్వే.

ఇప్పుడు చామంతి సంగతి. దీపావళికని రెండు మళ్లు నాటాను. ఒకే నారు, ఒకే ఎరువు. వేపచెట్టు వైపు మడి మొగ్గలతో నిండింది. గేటు వైపు మడి ఏపుగా పెరిగింది, మొగ్గ మాత్రం ఒక్కటీ లేదు. నాకు ఒకటే టెన్షన్. వేపపిండి వేశాను, పశువుల ఎరువు వేశాను, ఒకరోజు తిట్టి కూడా చూశాను. చివరికి వ్యవసాయం చదివే మా మనవడు వచ్చి, మడి వైపు కాకుండా పైకి చూశాడు. ఆగస్టులో గేటు దగ్గర కొత్తగా బిగించిన ఫోకస్ లైటు!

చామంతి రాత్రిని కొలుచుకుంటుంది. పొద్దు తగ్గి చీకటి బాగా సాగితేనే మొగ్గ వేస్తుంది. రాత్రంతా వెలుగు పడితే ఇంకా ఎండాకాలమే అనుకుని ఆకులు పెంచుకుంటూ కూర్చుంటుంది. పువ్వులు ఆలస్యంగా రావాలనుకున్న రైతులు చేలో రాత్రిళ్లు బల్బులు పెట్టేది ఇందుకే. వాళ్లు డబ్బు పెట్టి చేయించుకునే పని నాకు ఉచితంగా జరిగిపోయింది. ముప్పయ్యేళ్ల అనుభవం అని చెప్పుకుంటూ తిరిగేవాణ్ని, ఇప్పుడు మనవడి ముందు నోరెత్తడం లేదు.

దొంగల భయం ఉంది, లైటు ఆర్పడం కుదరదన్నారు. అందుకని మడి చుట్టూ నాలుగు కర్రలు పాతి నల్లగుడ్డ తెచ్చిపెట్టాను. ఇప్పుడు మొదలుపెడితే దీపావళికి అందవు గానీ, సంక్రాంతి ముగ్గుల్లో పెట్టుకోవచ్చు. సాయంత్రం ఆరింటికి కప్పాలి, పొద్దున ప్రార్థనకు ముందు తీయాలి. ఈ వారం వంతు ఏడో తరగతి హాస్టల్ పిల్లలది. బొమ్మ గీసిన పాపకు మాత్రం వంతు లేదు. ఆమె రోజూ వచ్చి మొగ్గ పడిందో లేదో చూసి నాకు చెప్పాలి.

మీ తోట తాత